పొద్దున హావ్‌లాక్ బీచ్, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ ఫ్లైట్, చెన్నైలో మారి రాత్రికి విశాఖ: ఒక్క రోజులో అవుతుందా?

విశాఖ_వాణి
డిసెంబరు రెండో వారంలో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, ఆరేళ్ల బాబు, అత్తయ్య. హోటళ్లూ టికెట్లూ అన్నీ అయిపోయాయి గానీ తిరుగు ప్రయాణం రోజు గురించి ఇంట్లో రోజూ చర్చే.

మా ప్లాన్ ఇదీ. ఆఖరి రాత్రి హావ్‌లాక్ దీవిలోనే పడుకుంటాం. తెల్లారగట్ల లేచి రాధానగర్ బీచ్‌లో సూర్యోదయం చూడాలి, బాబు కాసేపు నీళ్లలో ఆడుకోవాలి. 9 గంటలకి ప్రైవేట్ ఫెర్రీ, పదిన్నరకి పోర్ట్ బ్లెయిర్. 1.40కి చెన్నై ఫ్లైట్, 3.55కి దిగడం. మళ్లీ 6.05కి చెన్నై నుంచి వైజాగ్. రెండు ఫ్లైట్లూ వేరే వేరే కంపెనీలు, వేరే వేరే టికెట్లు. కలిపి ఒకే టికెట్ అంటే మనిషికి మూడు వేలు ఎక్కువ చూపించింది, అందుకని విడిగా తీసుకున్నాం.

మా ఆయనైతే "బీచ్‌కి మీరు ముగ్గురూ వెళ్లండి, ఆ టైంలో నేను స్కూబా చేసేసి జెట్టీ దగ్గర కలుస్తాను" అంటున్నారు. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు నిలబడలేరు. కాగితం మీద చూస్తే అన్నీ సరిపోతున్నాయి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

భీమిలి_బుల్లోడు
ఎందుకవదండీ? మేం పోయిన ఫిబ్రవరిలో సరిగ్గా ఇలాగే వచ్చాం. హావ్‌లాక్‌లో టిఫిన్ తిని ఫెర్రీ ఎక్కాం, భోజనం టైంకి ఎయిర్‌పోర్టులో ఉన్నాం, రాత్రికి ఇంట్లో పడుకున్నాం. భయపెట్టేవాళ్లు చాలామంది వస్తారు ఇప్పుడు, పట్టించుకోకండి.

కెరటం77
ఒక్క విషయం. రాధానగర్ పడమటి ఒడ్డు. అక్కడ చూడాల్సింది సూర్యాస్తమయం. సూర్యోదయం కావాలంటే తూర్పు వైపు కాలాపత్తర్ వెళ్లాలి. రెండూ ద్వీపానికి చెరో పక్క.

విశాఖ_వాణి
అయితే ముందురోజు సాయంత్రం రాధానగర్, పొద్దున కాలాపత్తర్ పెట్టుకుంటాం. మిగతాది ఓకేనా?

లోతునీరు
మిగతాది తర్వాత. ముందు మీ ఆయన స్కూబా సంగతి. అది వద్దు. ఇందులో బేరం లేదు.

నేను డైవింగ్ నేర్పే పనిలో ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. నీళ్ల కింద ఒత్తిడిలో గాలి పీలుస్తాం కదా, అందులోని నైట్రోజన్ రక్తంలోకీ కండరాల్లోకీ ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది నెమ్మదిగా ఊపిరి గుండా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. అది పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకి తగ్గొచ్చు. అప్పుడు గోలీ సోడా కొట్టినట్టు లోపల కరిగినదంతా బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో మొదలై, ముదిరితే నరాల దాకా వెళ్తుంది.

డైవర్ల భద్రత చూసే అంతర్జాతీయ సంస్థ డాన్ చెప్పే లెక్క: ఒకే ఒక్క మామూలు డైవ్ అయితే విమానానికి కనీసం 12 గంటల ముందు ఆపాలి, ఒకటికి మించి చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు. మా దగ్గర అందరికీ 24 గంటలే చెప్తాం. మీ ఆయన ఆరింటికి దిగితే ఏడింటికి బయటికొస్తారు. ఫ్లైట్ 1.40కి. ఏడు గంటలు కూడా లేవు.

భీమిలి_బుల్లోడు
లోతునీరు గారూ, టూరిస్టులకి చేయించే స్కూబా పది పన్నెండు మీటర్లే కదా, అదీ అరగంట. మా బావ పొద్దున చేసి సాయంత్రం ఎక్కాడు, ఏమీ కాలేదు.

లోతునీరు
మీ బావకి ఏమీ కానందుకు సంతోషం బ్రదర్. లోతు తక్కువైతే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒకే లోతుకి వెళ్లిన ఇద్దరిలో ఒకరికి ఈ జబ్బు వచ్చి ఒకరికి రాకపోవచ్చు. నీళ్లు తక్కువ తాగడం, అలసట, వయసు, ఒళ్లు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పైగా విమానంలో ఉండగా అది మొదలైతే అక్కడ చికిత్స ఉండదు. కాబట్టి ఆ 12 గంటలు కనీసమే, హామీ కాదు.

వాణి గారూ, స్కూబా ముందురోజు పొద్దున పెట్టించండి. అప్పటికి ఫ్లైట్‌కి ఒక రోజు పైన గ్యాప్ వస్తుంది. ఆఖరి పొద్దున ఆయనకి నీళ్లలో దిగాలనే ఉంటే స్నార్కెలింగ్ చేసుకోమనండి. పైన తేలుతూ చూసేదానికి ఈ ఇబ్బంది లేదు.

విశాఖ_వాణి
ఈ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ముందురోజుకి మార్చమని ఇప్పుడే ఫోన్ చేస్తున్నారు. చాలా థ్యాంక్స్ అండీ.

కాకినాడ_కాజా
ఇంట్లో ఒక గొడవ తీరింది. తర్వాతది ఎవరు తీరుస్తారు?

అబర్డీన్_అప్పన్న
నేను తీరుస్తా, కాస్త పెద్దదే రాస్తా. పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. మా తాత శ్రీకాకుళం దగ్గర నుంచి వొచ్చాడు. ఇక్కడ మనోళ్లు తక్కువేం కాదు, 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాట్లాడేవాళ్లు దరిదాపు 13 శాతం. బజార్లో తెలుగులో బేరం ఆడొచ్చు, అత్తయ్య గారికి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చెన్నైలో ఫ్లైట్ మారడాన్నే కనెక్షన్ అనుకుంటన్నారు. మీకు ఆ రోజు కనెక్షన్లు రెండు. మొదటిది ఫెర్రీ. ఫెర్రీ వాడికి మీ విమానంతో సంబంధం లేదు, విమానం వాడికి ఫెర్రీతో సంబంధం లేదు. సముద్రానికి ఇద్దరితోనూ సంబంధం లేదు. గాలి ఎక్కువుంటే పోర్టు వాళ్లు బోట్లు ఆపేస్తారు, ఒక్కోసారి ముందురోజు రాత్రి చెప్తారు, ఒక్కోసారి జెట్టీకి వెళ్లాక తెలుస్తాది. టికెట్ డబ్బు తిరిగిస్తారు. అంతే. మీ విమానం డబ్బు ఎవడూ ఇవ్వడు.

బుల్లోడు గారు ఫిబ్రవరిలో వెళ్లారు. ఫిబ్రవరి సముద్రం వేరు, డిసెంబరు సముద్రం వేరు. డిసెంబరంటే బంగాళాఖాతంలో ఇంకా తుపాన్ల కాలమే. 2016 డిసెంబరు మొదట్లో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ గుర్తే. అల్పపీడనం ఈ దీవుల దగ్గరే బలపడింది. వానా గాలీ, బోట్లు బంద్. హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మంది పైగా టూరిస్టులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. నేవీ, కోస్ట్ గార్డ్ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. హోటళ్లలో ఉన్నదే అందరికీ వండి పెట్టారు. అదే తర్వాత వర్దా తుపాను అయ్యి డిసెంబరు 12న చెన్నైని కొట్టింది, ఆ రోజు చెన్నై ఎయిర్‌పోర్టు కూడా మూతపడింది. అంటే ఒకటే గాలివాన మీ రెండు కనెక్షన్లనీ తినేయగలదు.

ప్రతి డిసెంబరూ అలాగే ఉంటాదని కాదు. చాలా రోజులు అద్దంలా ఉంటాది సముద్రం. కానీ విమానం రోజు పొద్దున బోటు మీద ఆధారపడకండి. ముందురోజు మధ్యాహ్నం బోటుకే పోర్ట్ బ్లెయిర్ వొచ్చేయండి.

టికెట్_తాతారావు
అప్పన్న గారు చెప్పినదానికి నా ఓటు. చెన్నై గురించి నేను చెప్తా, రోజూ చేసే పని కాబట్టి.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను టైంలో చెన్నై రన్‌వే మీద నీళ్లు చేరి ఎయిర్‌పోర్టు ఆపేశారు. మర్నాడు అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే ఆ వారం చెన్నై నుంచి బయల్దేరినా, ఆంధ్రలో దిగాలన్నా ఇబ్బందే. డిసెంబరు ప్రయాణానికి నేను ఎప్పుడూ ఒకే పీఎన్‌ఆర్ మీద, అంటే రెండు ఫ్లైట్లూ కలిపి ఒకే టికెట్‌గా తీసుకోమంటాను, కారణం ఇదే.

వాణి గారి లెక్క చూద్దాం. 3.55కి దిగుతారు, రెండు గంటల పది నిమిషాలు ఉంది అనిపిస్తుంది. కానీ టికెట్లు వేరు కాబట్టి సామాను చెన్నై వరకే వస్తుంది. విమానంలోంచి దిగి బెల్టు దగ్గరికి చేరి సామాను అందుకునేసరికి సులువుగా నాలుగున్నర. వీల్‌చైర్ ఉంటే అందరికన్నా ఆఖర్న దింపుతారు, అది ఇంకో పదిహేను నిమిషాలు. బయటికొచ్చి, మళ్లీ డిపార్చర్ గేటు దగ్గర ఐడీ చూపించి, రెండో కంపెనీ కౌంటర్ వెతుక్కోవాలి. చెన్నైలో దేశీయ విమానాలకి ఒకటి, నాలుగు అని రెండు టెర్మినళ్లున్నాయి, ఏ కంపెనీ ఎక్కడో ముందే చూసుకోవాలి. దేశీయ ఫ్లైట్లకి సామాను తీసుకోవడం గంట ముందు ఆపేస్తారు, అంటే 5.05కి మీ కౌంటర్ మూత. ఇప్పుడు చెప్పండి, మీ చేతిలో ఉన్నది రెండు గంటలా, అరగంటా? మొదటి ఫ్లైట్ నలభై నిమిషాలు లేటైతే?

ఒకే టికెట్ మీద ఉంటే సామాను నేరుగా వైజాగ్ దాకా ట్యాగ్ వేస్తారు, చెన్నైలో బయటికి రావక్కర్లేదు. మొదటిది లేటై రెండోది తప్పితే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత కంపెనీదే. విడి టికెట్లకి "మీరు టైంకి రాలేదు" అని రాసేసి మీ డబ్బు మింగుతారు. మీరు మిగిల్చిన మూడు వేలకీ ఆ బాధ్యతకీ పోలిక చూసుకోండి.

నిజామాబాద్_నర్సన్న
హైదరాబాద్‌కెల్లి పోర్ట్ బ్లెయిర్‌కు డైరెక్ట్ ఉంటది గదా, ఈ చెన్నై లొల్లి ఎందుకు? మేము గట్లనే పోయినం. హైదరాబాద్‌ల దిగి పొద్దుమూకి వందే భారత్‌ల...

కాకినాడ_కాజా
నర్సన్నా, వాళ్లది వైజాగ్. హైదరాబాద్ నుంచి వైజాగ్ అంటే మళ్లీ ఇంకో ప్రయాణం. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడని రైల్లో ఎనిమిది గంటలు కూర్చోబెడతావా?

నిజామాబాద్_నర్సన్న
పెద్దమ్మ సంగతి మరిచిన. రైలు వద్దు. కానీ హైదరాబాద్ మీదుగ ఒకే టికెట్ దొరుకుతదేమో సూడుండ్రి, వానల టైంల చెన్నై కంటే గదే మంచిగుంటది.

టికెట్_తాతారావు
నర్సన్న గారి మాటలో విషయం ఉంది. అదే కంపెనీలో హైదరాబాద్ మీదుగా కలిపి దొరికితే ధర, టైము రెండూ పోల్చి చూడండి.

సరోజిని_టీచర్
మీ మాటలు చదువుతుంటే మా చిన్నతనం గుర్తొచ్చింది. మా నాన్నగారికి అక్కడ ఉద్యోగం. విశాఖపట్నం నుంచి ఓడ, రెండున్నర రోజులు. బంక్‌లో పడుకుంటే తల తిరిగేది, డెక్ మీదికి వస్తే బాగుండేది. ఎగిరే చేపలు కనిపించేవి. ఓడ ఎప్పుడు బయల్దేరితే అప్పుడే బయల్దేరినట్టు, ఎప్పుడు చేరితే అప్పుడే చేరినట్టు. చేరే రోజున వేరే పనేదీ పెట్టుకునేవాళ్లమే కాదు.

వాణీ, అత్తగారికి ఫెర్రీలో వాంతుల సంగతి కూడా చూసుకోమ్మా. ప్రైవేట్ ఫెర్రీలు ఎక్కువగా మూసిన ఏసీ క్యాబిన్లు, చాలావాటిలో బయట నిలబడనివ్వరు. డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేయించు, బోటు ఊగడం మొదలయ్యాక వేస్తే లాభం ఉండదు. మధ్య వరసల్లో, కింది అంతస్తులో సీటు అడుగు.

విశాఖ_వాణి
అందరిదీ చదివాను. ఫెర్రీని కనెక్షన్ కింద లెక్కపెట్టాలని మాకసలు తట్టలేదు. కానీ ముందురోజే వచ్చేస్తే ఆఖరి రోజు బీచ్ ఉండదు కదా? బాబు "విమానం ఎక్కేముందు సముద్రానికి టాటా చెప్పాలి" అని వారం నుంచి పాట పాడుతున్నాడు. మాకు వైజాగ్‌లో ఆర్కే బీచ్ పది నిమిషాలే, అయినా వాడికి ఆ నీలం నీళ్లే కావాలి.

అబర్డీన్_అప్పన్న
బాబుకి టాటా చెప్పించే పూచీ నాది. పోర్ట్ బ్లెయిర్‌లోనే కార్బిన్స్ కోవ్ ఉంది. కొబ్బరి చెట్ల కింద చిన్న బీచ్, ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఎక్కువ సేపు పట్టదు. దారి పొడవునా సముద్రం పక్కనే. 1942 నుంచి 45 దాకా జపాన్ వాళ్లు ఈ దీవులని పట్టుకున్నప్పుడు కట్టిన బంకర్లు రోడ్డు పక్కన ఇంకా ఉన్నాయి, బాబు వాటిని చూస్తే కారు దిగనంటాడా చూడండి.

పొద్దున ఆరింటికి వెళ్లండి, ఇక్కడ డిసెంబరులో ఐదున్నరకే వెలుగొచ్చేస్తాది. ఎనిమిదికి హోటల్, స్నానం, టిఫిన్, పదకొండున్నరకి ఎయిర్‌పోర్టు. పరుగు లేదు.

ఒక్కటే మాట. కార్బిన్స్ కోవ్‌లో మొసలి హెచ్చరిక బోర్డులు ఉంటాయి. ఉప్పునీటి మొసళ్లు ఇక్కడి వాగుల్లోంచి సముద్రంలోకీ వొస్తాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. భయపడి మానక్కర్లేదు, లైఫ్‌గార్డు చూపించిన చోట, చెప్పిన టైంలోనే దింపండి. ఎర్ర జెండా ఉంటే ఇసకలోనే ఆడించండి.

కెరటం77
కార్బిన్స్ కోవ్ బాగానే ఉంటుంది గానీ రాధానగర్ చూసిన కళ్లకి అది ఆనదు. నేనైతే హావ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించుకోను. అక్కడ రెండు రాత్రులు ఉండి మూడోరోజు పొద్దున వచ్చేయడమే సుఖం. రోజులు తక్కువున్నవాళ్లకి మరి ఆ ఒక్క పూట పెద్దదే.

అబర్డీన్_అప్పన్న
కెరటం గారూ, రాధానగర్ అందం ముందు ఏదీ నిలవదు, ఒప్పుకుంటా. అందుకే దాన్ని తొందరలో చూడకూడదంటన్నా. జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటాది. 9 గంటల ఫెర్రీ అంటే ఎనిమిదికే జెట్టీలో ఉండాలి, అంటే ఏడుంబావుకి బీచ్ వదలాలి. ఒంటి మీద ఇసక కడుక్కునే టైమ్ లేదు. సాయంత్రం నాలుగింటికి వెళ్లి పొద్దు గూకేదాకా కూర్చోవడం వేరు. డిసెంబరులో ఐదింటికే గూకుతాది, వాణి గారూ, అది గుర్తుంచుకోండి. మన వైజాగ్ లెక్కన ఆరింటికి వెళ్తే చీకటే.

కెరటం77
ఆ వాదన బాగుంది. ఒప్పుకున్నా.

భీమిలి_బుల్లోడు
నేను ఒప్పుకోను. ఏదో జరుగుతుందని ఒక పూట పోగొట్టుకుంటే తుపాను రానప్పుడు ఆ పూట ఎవరు తిరిగిస్తారు? మా ఫ్రెండ్స్ గుంపు ఎవరొచ్చినా నేను పొద్దున ఫెర్రీకే ఓటేస్తా.

టికెట్_తాతారావు
ఫ్రెండ్స్ గుంపు అయితే నేనూ అంతగా అడ్డు చెప్పను. బ్యాగు భుజాన వేసుకుని పరిగెత్తగలరు, తప్పితే ఎయిర్‌పోర్టులో ఒక రాత్రి పడుకోగలరు. పెద్దావిడ, చిన్నపిల్లాడు ఉన్నప్పుడు లెక్క మారుతుంది. ఇంకోటి, పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం తప్పితే బస్సు, రైలు ప్రత్యామ్నాయం లేదు. సీజన్‌లో మర్నాటి సీట్లు నలుగురికి కలిపి దొరకడం కష్టం, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి.

రన్‌వే_రాంబాబు
పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్టు గురించి కొంచెం. మన వైజాగ్ లాగే రన్‌వే నేవీది. వైజాగ్‌లో ఐఎన్‌ఎస్ డేగా, అక్కడ ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్. 2023 జులైలో కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక లోపల విశాలంగా, కూర్చోవడానికి బాగుంది, పాత భవనంలో ఉన్న తొక్కిసలాట లేదు.

వాతావరణం విషయంలో మాత్రం అది మామూలు ఎయిర్‌పోర్టు కాదు. విమానాలు దిగలేకపోతే పక్కన మరో ఎయిర్‌పోర్టు లేదు. చెన్నైకో కోల్‌కతాకో వెనక్కి వెళ్లిపోవాల్సిందే. అంటే మిమ్మల్ని ఎక్కించుకోవాల్సిన విమానం అసలు అక్కడికి రాదు. మీరు ఎంత ముందు చేరినా లాభం లేని రోజు అది. ఆ రోజుకి కూడా ఒకే పీఎన్‌ఆరే కాపాడుతుంది.

మల్లెపూలు_మాధవి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా టికెట్లు కూడా ఇలాగే విడిగా ఉన్నాయి, అయితే చెన్నైలో ఏడు గంటల గ్యాప్ ఉంది. అంతసేపు ఎయిర్‌పోర్టులో ఏం చేస్తాం, చెన్నైలో బీచ్ చూసి రావచ్చా? తిరుసూలం స్టేషన్ ఎదురుగానే ఉందట, అక్కడ నుంచి "చెన్నై బీచ్" అని రైలు కూడా ఉంది.

చిత్తూరు_చిన్నమ్మి
మాధవక్కా ఆగండి! ఆ చెన్నై బీచ్ స్టేషన్ దగ్గర ఆడుకునే బీచ్ లేదు. అది హార్బర్ పక్కన. దిగితే కనిపించేది పోర్టు గోడ. పేరు చూసి పిల్లలతో దిగి ఇసక కోసం వెతికిన చుట్టాలు మా ఇంట్లోనే ఉన్నారు.

మెరీనాకి పోవచ్చు కానీ నీళ్లలోకి దిగనివ్వరు, అలల లాగుడు ఎక్కువ, పోలీసులు ఈల వేస్తానే ఉంటారు. మీకు బెసంట్ నగర్ బీచ్ మంచిది, ఎలియట్స్ అంటారు. ఎయిర్‌పోర్టు నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. అక్కడే ఒడ్డున అష్టలక్ష్మి గుడి ఉంది. పెద్దోళ్లు గుడిలో, పిల్లోళ్లు ఇసకలో. అక్కడ కూడా నడుం లోతు దిగొద్దు. సాయంత్రం ఆరు దాటితే ట్రాఫిక్ నరకం, తిరుగు దారికి గంట వేసుకోండి.

మల్లెపూలు_మాధవి
పెద్ద గండం తప్పించారు. సామాను ఎక్కడ పెట్టాలి మరి?

చిత్తూరు_చిన్నమ్మి
ఎయిర్‌పోర్టులో క్లోక్‌రూమ్ ఉందేమో దిగగానే అడగండి. లేదంటే పూటకి దొరికే లాడ్జీ తీసుకోండి, స్నానం కూడా అవుతుంది. ఉప్పు ఒంటితో విమానంలో కూర్చుంటే దురదకి పిల్లోళ్లు నిద్రపోరు.

సరోజిని_టీచర్
స్నానం మాట వచ్చింది కాబట్టి: తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూట కట్టి పెద్ద బ్యాగులో వేయండి. పిల్లాడికి ఒక పొడి జత చేతి సంచిలో ఉండాలి. చెప్పుల్లో ఇసక ఉంటే స్కానింగ్ దగ్గర ట్రే అంతా ఇసకే.

కాకినాడ_కాజా
కొబ్బరికాయలు తెచ్చుకోవచ్చా? అండమాన్ కొబ్బరి తియ్యగా ఉంటుందట, మా అమ్మ అడిగింది.

రన్‌వే_రాంబాబు
ఎండు కొబ్బరి తేవద్దు. నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలో ప్రయాణికులకి నిషేధం. కురిడీలు మన కోనసీమలోనే కొనిపెట్టండి అమ్మగారికి.

కాకినాడ_కాజా
అమ్మకి చెప్పాను. "అయితే అప్పన్నని ఓడలో పంపమను" అంటోంది.

అబర్డీన్_అప్పన్న
అమ్మగారు అడిగితే పంపకుండా ఉంటామా!

అన్నట్టు, వాణి గారూ, గవ్వల సంగతి చెప్పడం మర్చిపోయా. బాబు బీచ్‌లో ఏరిన గవ్వలు, విరిగిన పగడం ముక్కలు బ్యాగులో పెట్టుకోనివ్వకండి. పగడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, చచ్చిన ముక్కైనా సరే. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టేస్తారు, అక్కడ పిల్లాడు ఏడిస్తే చూడలేం. అంతకన్నా ముఖ్యం, ఆ ఖాళీ గవ్వలే సన్యాసి పీతలకి ఇళ్లు. ఏరితే వాటికి ఇల్లుండదు. బాబుకి ఆ మాట చెప్పండి, పిల్లలు మనకన్నా తొందరగా అర్థం చేసుకుంటారు. గవ్వ బొమ్మలు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొని బిల్లు దగ్గరుంచుకోండి.

విశాఖ_వాణి
సన్యాసి పీత ఇల్లు అనగానే వాడు "అయితే నేను ఫొటో తీసి తెస్తా" అన్నాడు. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలీడం లేదు.

రాత్రి కూర్చుని అన్నీ మార్చాం. స్కూబా రెండు రోజుల ముందుకి జరిగింది. హావ్‌లాక్‌లో ముందు సాయంత్రం రాధానగర్, మర్నాడు పొద్దున కాలాపత్తర్, మధ్యాహ్నం ఫెర్రీ, ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్. ఆఖరి పొద్దున కార్బిన్స్ కోవ్. చెన్నై నుంచి వైజాగ్ విడి టికెట్ రద్దు చేస్తే సగం పైనే పోయింది. మొదటి కంపెనీలోనే కలిపి తీసుకున్నాం. అత్తయ్య "డబ్బు పోతే పోయింది, నన్ను పరిగెత్తించకండి చాలు" అన్నారు.

ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఏం చూడాలి?

అబర్డీన్_అప్పన్న
సెల్యులర్ జైలు సౌండ్ అండ్ లైట్ షో. కూర్చుని చూసేదే కాబట్టి అత్తయ్య గారికి ఇబ్బంది లేదు. లోపల పగలు తిరిగి చూడాలంటే సోమవారం మూసి ఉంటాది, రోజు చూసుకోండి. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. మెట్లెక్కకపోయినా కింద ఉరికంబం గది, మ్యూజియం చూడొచ్చు. మా ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, బోర్డుల మీద అలా కనిపిస్తే వేరే ఊరొచ్చామని కంగారు పడకండి.

టికెట్_తాతారావు
వీల్‌చైర్ ఇప్పుడే టికెట్లో రాయించండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. రెండు ఫ్లైట్లకీ నమోదైందో లేదో చూసుకోండి, ఒకదానికే పడిన కేసులు చూశాను. మోకాల్లో లోహం ఉంటే సెక్యూరిటీ దగ్గర మోగుతుంది, డాక్టర్ కాగితం చేతి సంచిలో ఉంచండి.

విశాఖ_వాణి
రెండింటికీ చేయించాను. కాగితం కూడా జిరాక్స్ తీయించి పెట్టాను.

అనకాపల్లి_బెల్లం
ఇదే ప్రశ్న నాది, కాకపోతే మేం హావ్‌లాక్ కాదు, నీల్‌లో ఉంటాం. జనవరి నెలాఖరు. పొద్దున ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం 2కి ఫ్లైట్. ఇద్దరమే, చిన్న బ్యాగులు, ఒకే పీఎన్‌ఆర్.

భీమిలి_బుల్లోడు
వెళ్లండి బాసూ!

అబర్డీన్_అప్పన్న
ఈసారి బుల్లోడు గారి పక్కనే నేను. జనవరి నెలాఖరు సముద్రం మెత్తన, మీరిద్దరే, టికెట్ ఒకటే. నీల్ నుంచి నేరుగా పోర్ట్ బ్లెయిర్ వొచ్చే మొదటి బోటు తీసుకోండి, హావ్‌లాక్ చుట్టి వొచ్చేది వద్దు. ముందురోజు సాయంత్రం ఫెర్రీ ఆఫీసుకి ఒకసారి ఫోన్ చేయండి. గాలి హెచ్చరిక ఉందంటే ఆ రాత్రే సర్దుకోండి, ప్రభుత్వ ఫెర్రీ టికెట్ కోసం తెల్లారే కౌంటర్ దగ్గర నిలబడాలి.

అనకాపల్లి_బెల్లం
సరే అన్నా, నేరుగా వచ్చే బోటుకే బుక్ చేశాను.